సమస్య ఒకచోట, తప్పు మరోచోట: ఇంగ్లిష్ సకర్మక, అకర్మక క్రియలు

సమస్య: “ది యాక్సిడెంట్ వాజ్ హ్యాపెన్డ్ నియర్ సింగరాయకొండ.” “హిజ్ గ్రాండ్‌ఫాదర్ వాజ్ డైడ్.”

కారణం: జరిగిపోయిన సంగతి కదా అని ‘వాజ్’ తగిలిస్తారు. ‘దేన్ని’, ‘ఎవర్ని’ అని అడిగితే వచ్చే జవాబు కర్మ. అది ఉన్న క్రియ సకర్మకం, లేనిది అకర్మకం. హ్యాపెన్, డై, అరైవ్, డిసప్పియర్ అకర్మకాలు. ఇలా ‘వాజ్’ తగిలిస్తే అది కర్మణి ప్రయోగం (పాసివ్) అవుతుంది. కర్మే లేని క్రియకు కర్మణి ప్రయోగం ఉండదు.

పరిష్కారం: ‘వాజ్’ కొట్టేయండి. హ్యాపెన్డ్, డైడ్ చాలు.

సమస్య: “ప్రాన్ రేట్స్ రెయిజ్డ్.”

కారణం: దీని మూలం మన భాషలో కాదు, ఇంగ్లిష్‌లోనే ఉంది. తెలుగులో క్రియ రూపమే తేడా చెప్పేస్తుంది: ఆగు–ఆపు, పెరుగు–పెంచు, మరుగు–మరిగించు. ఇంగ్లిష్‌లో చాలా క్రియలకు రూపం మారదు. బస్సు ఆగినా, డ్రైవర్ బస్సును ఆపినా ‘స్టాప్డ్’ అనే అంటారు. దానికి అలవాటు పడి అన్నీ అంతేననుకుంటాం. కానీ కొన్ని జంటలు మన ఆగు–ఆపు లాంటివే, విడివిడిగా ఉంటాయి.

పరిష్కారం: సోమశిలలో నీటిమట్టం పెరిగితే “ది వాటర్ లెవెల్ రోజ్”. గేట్లు ఎత్తితే “దే రెయిజ్డ్ ది గేట్స్”. రొయ్యల రేట్లు పెరిగితే ‘రోజ్’, వ్యాపారులు పెంచితే ‘రెయిజ్డ్’. లై–లే జంట ఇంకా చిక్కు, ఎందుకంటే పడుకోవడం అనే ‘లై’కి భూతకాలం ‘లే’. పరచడం అనే ‘లే’కి ‘లెయిడ్’. ఈ ఒక్కటి మాత్రం బట్టీ పట్టాల్సిందే.

సమస్య: “వి డిస్కస్డ్ అబౌట్ ఫీజు”, “వి రీచ్డ్ టు ఒంగోల్”, “షి మ్యారీడ్ విత్ హిమ్”.

కారణం: ‘గురించి’, ‘కి’, ‘తో’ తెలుగు నుంచి వచ్చి చేరాయి.

పరిష్కారం: మూడూ తీసేయండి. ఉల్టా తప్పూ ఉంది: “వెయిట్ మి”, “లిజన్ మి” అనకూడదు, “వెయిట్ ఫర్ మి”, “లిజన్ టు మి” అనాలి.

సమస్య: “టికెట్ తెచ్చావా?” అని ఇంగ్లిష్‌లో అడిగితే “యెస్, ఐ బ్రాట్.”

కారణం: ‘తెచ్చాను’ అంటే మనకు సరిపోతుంది. బ్రింగ్, వాంట్, పుట్‌లకు సరిపోదు, కర్మ పైకి కనబడాలి.

పరిష్కారం: “ఐ బ్రాట్ ఇట్.” ‘ఈట్’కు ఈ ఇబ్బంది లేదు, “ఐ ఏట్” సరైనదే.

అనుమానం వస్తే నిఘంటువులో క్రియ పక్కన చూడండి. టి అంటే సకర్మకం, ఐ అంటే అకర్మకం. రెండూ ఉంటే అర్థాన్ని బట్టి ఉదాహరణ చూడాలి. పరిగెత్తే ‘రన్’ అకర్మకం. నెల్లూరులో మెస్ నడిపితే “షి రన్స్ ఎ మెస్”, సకర్మకం.