మెడ, భుజం బిగుతుకు కప్పింగ్: ఎంత లాగాలి, ఎంతసేపు ఉంచాలి

కైరోప్రాక్టిక్ సర్దుబాటుకు (వెన్ను, మెడ కీళ్లను చేతులతో నొక్కి కదిలించే చికిత్సకు) ముందే కప్పింగ్ (చర్మం మీద కప్పు పెట్టి, లోపలి గాలి లాగేసి చర్మాన్ని పైకి పీల్చే పద్ధతి) చేయించుకోవడం నాకు కలిసొచ్చింది. కండ వదులైతే మెడ తిప్పేటప్పుడు బిర్రబిగుసుకోదు. మెడకూ భుజానికీ మధ్య కండ మీద కొబ్బరినూనె పలుచగా రాసి, చిన్న చేతిపంపుతో గాలి లాగే కప్పు పెట్టి, పంపును ఒకటి రెండుసార్లే లాగాలి. చర్మం కాస్త ఉబ్బితే చాలు. 5 నిమిషాలు ఉంచాలి. 10 దాటితే బొబ్బలు లేవొచ్చు. కప్పు నిలవకపోతే అంచు కింద వెంట్రుకలో, ఎముకో ఉన్నట్టే. తీసేటప్పుడు పీకకుండా వాల్వు ఎత్తి గాలి వదలాలి. వెన్నుపూసల మీద, మెడ ముందువైపు అసలు పెట్టకూడదు. గుండ్రటి మచ్చలు చర్మం కింద సన్నని రక్తనాళాలు చిట్లడం వల్ల వచ్చేవే, బయటికొచ్చిన ‘విషం’ కాదు. వారం పది రోజుల్లో పోతాయి. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు దీని జోలికి పోవద్దు. చేతిలో తిమ్మిరి ఉంటే ముందు డాక్టరుకు చూపించాలి.