పాట కొలతకు నగరం: అమీర్‌పేట నుంచి రాయదుర్గం దాకా ఒక సంగీత లఘుచిత్రం

నగరంలోని యువతీయువకుల జీవితాన్ని సంగీతంతో కలిపి మూడు నిమిషాల చిత్రంగా తీయాలనుకునేవారు చాలామంది ముందు కెమెరా పట్టుకొని వీధిలోకి వెళ్తారు, పాటను తరువాత వెతుక్కుంటారు. మొదటిసారి నేనూ అలాగే చేశాను; తీసిన షాట్లలో సగానికి పైగా ఏ పాటలోనూ ఇమడక పక్కన పెట్టవలసి వచ్చింది. అందువల్ల ట్రాకు ముందే చేతిలో ఉండాలి.

నిమిషానికి 100 బీట్ల వేగంతో నడిచే ట్రాకును ఎంచుకుంటే లెక్క తేలిక. ఒక్కో బీటు 0.6 సెకను, అంటే సెకనుకు 25 ఫ్రేముల చిత్రంలో సరిగ్గా 15 ఫ్రేములు. అదే 120 బీట్లయితే బీటుకు పన్నెండున్నర ఫ్రేములు వచ్చి కట్ ఎక్కడ వేయాలో సందిగ్ధం ఏర్పడుతుంది. నాలుగు బీట్ల ఆవృత్తానికి 2.4 సెకన్లు, మూడు నిమిషాలకు 75 ఆవృత్తాలు. ఒక కాగితం మీద ఈ 75 గడులు గీసి, ఏ గడిలో ఏ దృశ్యం రావాలో రాసుకున్న తరువాతే ఇల్లు కదలండి. విడుదలైన సినిమా పాట వాడితే యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి, వాయించగల మిత్రుల చేత కొత్త ట్రాకు చేయించుకోవడం మేలు. హైదరాబాద్ చిత్రానికి తీన్‌మార్ దెబ్బ ఉండనే ఉంది; గిటారు కన్నా అదే ఈ ఊరికి దగ్గర.

నగరమంతా చూపాలన్న ఆశ వదులుకొని ఒక్క దారిని పట్టుకోండి. ఉదయం అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఒకదానిపై ఒకటి ఎక్కిన కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టల్ మెట్ల మీద ఆరేసిన తువ్వాళ్లు, టిఫిన్ బండి దగ్గర ఒక చేత్తో ఇడ్లీ ప్లేటు, మరో చేత్తో నోట్సు పట్టుకున్న కుర్రవాడు. అక్కడి నుంచి నీలి లైను మెట్రో రాయదుర్గం వైపు సాగుతుంది, చదువుకునే చోటును ఉద్యోగం చేసే చోటుతో కలిపేది ఆ లైనే. రాత్రికి దుర్గం చెరువు మీద 2020లో ప్రారంభమైన తీగల వంతెన చాలు. చార్మినార్ ఈ కథలో లేదు. అందంగా ఉంటుందని తెచ్చి అతికించవద్దు.

మెట్రో స్టేషన్లలోనూ రైళ్లలోనూ చిత్రీకరణకు ముందుగా అనుమతి తీసుకోవాలి. దగ్గరగా ముఖం చూపే ప్రతి ఒక్కరి సమ్మతి అడగాలి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్‌ది కనుక షటర్ వేగాన్ని, అంటే ఒక్కో ఫ్రేముకు కెమెరా వెలుగును లోనికి తీసుకునే సమయాన్ని, సెకనులో 50వ వంతుకు గానీ 100వ వంతుకు గానీ కట్టడి చేస్తే ట్యూబ్‌లైట్ల మినుకు చిత్రంలో పడదు. ఫోనుతో తీసేవారు ఎక్స్‌పోజర్‌ను లాక్ చేయడం మరవకూడదు, లేకుంటే రైలు స్టేషన్ నీడలోంచి ఎండలోకి వచ్చినప్పుడల్లా వెలుగు తనంతట తానే ఎగిసిపడుతుంది. సగం వేగంతో చూపదలచిన షాట్లను సెకనుకు 50 ఫ్రేములతో తీయండి.

ప్రతి చోటా కెమెరా కదలకుండా ఒక నిమిషం పాటు శబ్దాన్ని విడిగా రికార్డు చేసుకోండి. మెట్రో తలుపులు మూసుకునే ముందు వినిపించే బీప్, పెనం మీద అట్ల కాడ చప్పుడు, ఇరానీ హోటల్లో సాసరుపై కప్పు పెట్టిన చిన్న టక్కు, ఇవన్నీ తాళంలో చేరగలవు. నాకైతే చిత్రంలో అసలు సంగీతం ఇక్కడే పుడుతుందనిపిస్తుంది.

ఎడిటింగ్‌లో ముందు ట్రాకును టైమ్‌లైన్ మీద పరచి ప్రతి ఆవృత్తం మొదట మార్కరు పెట్టండి. అయితే ప్రతి బీటుకూ కట్ చేస్తే ప్రేక్షకుడు రెండో నిమిషానికే అలసిపోతాడు. ఉదయపు హడావుడిలో రెండేసి బీట్లకు కట్ చేసి, రైల్లో కిటికీ పక్కన నిలబడిన అమ్మాయి ముఖాన్ని నాలుగు ఆవృత్తాల పాటు, అంటే దాదాపు పది సెకన్లు, కదలనివ్వకుండా ఉంచండి. కొత్త చోటి శబ్దాన్ని దృశ్యం కన్నా ఒక బీటు ముందే వినిపిస్తే మార్పు మెత్తగా సాగుతుంది. వంతెన దగ్గర ట్రాకు ఆగిపోయాక కూడా షాటును మరో ఐదు సెకన్లు నడపండి, వాహనాల హోరు ఒక్కటే వినబడేలా.