ఇంటి కరెంటు పని, 5వ పాఠం: లైటు వెలిగే స్విచ్ బిగించడం

పోయిన పాఠంలో మామూలు స్విచ్ మార్చడం చూశాం. ఈసారి లోపల చిన్న లైటు ఉండే స్విచ్. షాపులో ఇండికేటర్ స్విచ్ అంటే ఇచ్చేస్తారు గానీ, ఆ ఒక్క పేరు మీద రెండు రకాలు అమ్ముతారు. మీ చేతిలో ఉన్నది ఏ రకమో తేలేదాకా స్క్రూడ్రైవర్ ముట్టుకోకండి.

మొదటి రకం స్విచ్ ఆఫ్‌లో ఉంటేనే వెలుగుతుంది. రాత్రిపూట గోడ తడుముకోకుండా ఉండటానికి పెట్టుకుంటాం. దీనికి న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) అక్కర్లేదు, వెనక వైర్లు బిగించే టెర్మినల్స్ రెండే. రెండో రకం ఆన్ చేస్తే వెలుగుతుంది. గీజర్ 16 ఆంపియర్ల స్విచ్‌లో ఎర్రగా కనబడేది ఇదే. దీనికి న్యూట్రల్ కోసం మూడో టెర్మినల్ ఉంటుంది. అయితే ఒకే లైటుని రెండు చోట్ల నుంచి నడిపే టూ-వే స్విచ్‌కి కూడా మూడు టెర్మినల్సే, కాబట్టి లెక్కపెట్టి ఊరుకోకుండా వెనక ‘ఎన్’ అక్షరం ఉందో లేదో చూడండి.

ముందు కరెంటు తీయాలి. మన ఇళ్లలో ఇక్కడే ప్రమాదం పొంచి ఉంటుంది. మెయిన్ ఆఫ్ చేయగానే ఇన్వర్టర్ అందుకుంటుంది, లైట్ల లైను మళ్లీ బతుకుతుంది. ఎంసీబీ (లోడు ఎక్కువైనా షార్ట్ అయినా దానంతటదే పడిపోయే స్విచ్) దించేశాం కదా అని బోర్డు విప్పితే షాక్ కొట్టేది అందుకే. మెయిన్ దించండి, ఇన్వర్టర్‌ని దాని స్విచ్ దగ్గరే ఆపండి, ఇంట్లో వాళ్లకి చెప్పి పెట్టండి. ఆ తర్వాత టెస్టర్. కరెంటు తీయకముందే, పనిచేస్తున్న సాకెట్‌లో పెట్టి టెస్టర్ బాగుందో లేదో చూసుకోవాలి. తీశాక బోర్డులో ప్రతి వైరు దగ్గరా పెట్టి చూడాలి. పని అయ్యి కరెంటు ఇచ్చాక మళ్లీ అదే సాకెట్‌లో చూస్తే, మధ్యలో టెస్టర్ పాడు కాలేదని తేలుతుంది. పగటి వెలుతురులో టెస్టర్ వెలుగు సరిగ్గా కనబడదు, చేత్తో నీడ పట్టండి. స్విచ్‌లో లైటు ఆరిపోయింది కాబట్టి కరెంటు లేదని మాత్రం ఎప్పుడూ అనుకోవద్దు. బల్బు మాడిపోయినా మొదటి రకం స్విచ్‌లో లైటు ఆరిపోతుంది.

ఎందుకో చూద్దాం. ఈ స్విచ్ లోపల చిన్న నియాన్ దీపం, దాంతోపాటు కరెంటుని తగ్గించే ఒక రెసిస్టర్ ఉంటాయి. రెండూ కలిపి స్విచ్ రెండు కొసలకీ అడ్డంగా వేసి ఉంటాయి. స్విచ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు ఫేజ్ (కరెంటు వచ్చే వైరు) నుంచి కరెంటు నియాన్ గుండా, అక్కడి నుంచి పైనున్న బల్బు గుండా న్యూట్రల్‌కి పోతుంది. ఒక మిల్లీ ఆంపియర్‌కి అటూ ఇటూ ఉంటుంది, అంతే. పాత ఫిలమెంట్ బల్బుకి అది లెక్కలోకే రాదు. ఎల్‌ఈడీ బల్బు సంగతి వేరు. దాని లోపలి కెపాసిటర్ ఆ కాస్త కరెంటునే మెల్లగా కూడబెట్టుకుని, నిండగానే ఒక్కసారి తళుక్కుమనిపిస్తుంది, మళ్లీ కూడబెడుతుంది. స్విచ్ తీసేసినా బల్బు మిణుకు మిణుకుమంటోందని కంగారు పడేవాళ్ల ఇళ్లలో చాలాసార్లు జరిగేది ఇదే. బల్బులో తప్పేం లేదు. అక్కడ రెండో రకం స్విచ్ గానీ మామూలుది గానీ పెట్టుకోవడమే నా సలహా.

ఇంకో సంగతి. ఈ రకం స్విచ్ ఆఫ్‌లో ఉండగా బల్బు ఊడదీసి హోల్డర్‌లో టెస్టర్ పెడితే వెలుగుతుంది. వేలు తగిలితే జిల్లుమంటుంది. ఆ కరెంటు చిన్నదే గానీ, స్టూలెక్కి ఉన్న మనిషి ఉలిక్కిపడి కింద పడటానికి చాలు. స్విచ్‌ని పొరపాటున న్యూట్రల్ మీద వేసిన ఇంట్లో కూడా టెస్టర్ ఇలాగే వెలుగుతుంది, అక్కడ తగిలేది పూర్తి 230 వోల్టులు. రెంటికీ తేడా వేలితో తేల్చుకునేది కాదు. బల్బు మార్చేటప్పుడు కూడా మెయిన్ దించి, ఇన్వర్టర్ ఆపండి.

బిగించడం తేలికే. మొదటి రకానికి ఫేజ్ ఒక టెర్మినల్‌కి, బల్బుకి వెళ్లే వైరు రెండోదానికి. వైరు తొడుగు సెంటీమీటరు లోపే ఒలవండి. రాగి పోగులు మెలిపెట్టి లోపలికి నెట్టి స్క్రూ బిగించాక బయట రాగి కనబడకూడదు. తర్వాత వైరుని గట్టిగా లాగి చూడండి. కదిలిందంటే వదులుగా ఉన్నట్టే, వదులు టెర్మినల్ వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్, పచ్చ ఎర్త్ అని పద్ధతి. పాత ఇంట్లో ఆ రంగుల్ని నమ్మకుండా టెస్టర్‌తో తేల్చుకోండి.

రెండో రకంలో మూడు వైర్లూ వాటి వాటి చోటే ఉండాలి. ఫేజ్, బల్బు వైర్లు తారుమారైతే స్విచ్ వేసినా తీసినా దాని లోపలి చిన్న లైటు వెలుగుతూనే ఉంటుంది. న్యూట్రల్ వైరుని బల్బు టెర్మినల్‌లో పెడితే ఆన్ చేసిన క్షణంలో షార్ట్ అయ్యి ఎంసీబీ పడిపోతుంది.

సాకెట్ ఉన్న బోర్డులో న్యూట్రల్ దొరుకుతుంది. స్విచ్‌లు మాత్రమే ఉన్న పెట్టెలో చాలాసార్లు ఉండదు. అప్పుడు ఎర్త్ వైరుని న్యూట్రల్‌గా వాడేస్తుంటారు. లైటు వెలుగుతుంది కూడా. దయచేసి ఆ పని చేయొద్దు. ఎక్కడైనా ఎర్త్ తెగితే నియాన్ గుండా వచ్చే వోల్టేజీ ఆ లైనులోని ఫ్రిజ్ బాడీకీ గీజర్ బాడీకీ చేరుతుంది. న్యూట్రల్ లేని చోట మొదటి రకమే పెట్టుకోండి. కొత్త న్యూట్రల్ లాగించాలంటే లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి, నిబంధనలూ అదే చెబుతాయి. ఉన్న స్విచ్ తీసి అలాంటిదే పెట్టడం వరకే మనం చేసుకునే పని.

వచ్చే పాఠం మెట్ల దగ్గరి టూ-వే స్విచ్‌ల మీద. ఈలోపు మీ ఇన్వర్టర్ ఏయే గదుల లైట్లకి ఇస్తోందో కాగితం మీద రాసి ఎంసీబీ పెట్టె తలుపుకి లోపల అంటించండి. ఆ పాఠంలో అది కావాలి.