చెవి సాధన – నాలుగో పాఠం: జాయ్ డివిజన్ పాటల్లో బేస్ గిటార్‌ని పట్టుకోవడం

పోయిన పాఠంలో డ్రమ్స్ చప్పుడులోంచి కిక్‌నీ (కాలితో వేసే పెద్ద డ్రమ్), స్నేర్‌నీ (కర్రలతో కొట్టే, గరగరలాడే చిన్న డ్రమ్) విడదీసి వినడం చూశాం. పాట నడుస్తుండగా కాలితో కిక్‌ని, చేత్తో స్నేర్‌ని వేయగలుగుతుంటే ఈ పాఠంలోకి రావచ్చు. ఇంకా తడబడుతుంటే అక్కడే ఇంకో వారం ఉండండి, కొంపేం మునిగిపోదు.

ఈసారి పని బేస్ గిటార్, అంటే పాట అడుగున కింది స్వరాలు వాయించే గిటార్. మనలో చాలామందికి ఇది దొరకదు. సినిమా పాటలు వింటూ పెరిగిన చెవి ముందు మాటల్ని పట్టుకుంటుంది, తర్వాత గాయకుడి ట్యూన్‌ని. అడుగున ఏం నడుస్తోందని అడిగితే "ఏదో దబదబ" అంటాం. దానికి తోడు ఫోన్ స్పీకర్ ఒకటి. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే లావు తీగ మోగేది సుమారు 41 హెర్ట్జ్ (సెకనుకి 41 కంపనాలు) దగ్గర. అరచేతిలో పట్టే స్పీకర్ అంత కిందికి దిగలేదు. కాబట్టి ఈ పాఠానికి ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి. ఖరీదైనవి అక్కర్లేదు, రెండు చెవుల్లోనూ పనిచేస్తే చాలు.

సాధనకి ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ బ్యాండ్ జాయ్ డివిజన్‌ని ఎంచుకున్నాను. పంక్ (మొరటుగా, వేగంగా సాగే రాక్ సంగీతం) హోరు కాస్త తగ్గాక అదే పట్టుదలతో వేరే దారి వెతికిన పోస్ట్-పంక్ తరం వాళ్లు. స్టూడియో ఆల్బమ్‌లు రెండే, కాబట్టి వారం పది రోజుల్లో మొత్తం వినేయొచ్చు. అసలు కారణం అది కాదనుకోండి. వీళ్ల పాటల్లో బేస్ అడుగున దాక్కోదు. చాలాచోట్ల ట్యూన్‌ని మోసేదే అది. కొత్త చెవికి ఇంతకంటే అనువైన బ్యాండ్ నాకు తెలిసి లేదు.

బేస్ పైకి ఎలా ఎక్కింది

1976 జూన్ 4న మాంచెస్టర్‌లోని లెసర్ ఫ్రీ ట్రేడ్ హాల్‌లో సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బ్యాండ్ కచేరీ జరిగింది. వచ్చినవాళ్లు కొద్దిమందే. వాళ్లలో సాల్ఫర్డ్‌లో కలిసి చదువుకున్న ఇద్దరు కుర్రాళ్లు ఉన్నారు: బెర్నార్డ్ సమ్నర్, పీటర్ హుక్. మర్నాడే హుక్ వెళ్లి బేస్ గిటార్ కొనేశాడు. సంగీతం నేర్చుకున్నవాడు కాదు. తర్వాత గాయకుడిగా ఇయన్ కర్టిస్, 1977లో డ్రమ్స్‌కి స్టీఫెన్ మోరిస్ వచ్చారు. ఈ ఇద్దరిదీ మాంచెస్టర్‌కి దక్షిణాన ఉన్న మాకిల్స్‌ఫీల్డ్. మొదట బ్యాండ్ పేరు వార్సా. దాదాపు అదే పేరుతో లండన్‌లో ఇంకో బ్యాండ్ ఉండటంతో 1978 మొదట్లో జాయ్ డివిజన్ అని మార్చుకున్నారు. నాజీ శిబిరాల్లో స్త్రీలని బంధించి ఉంచిన విభాగాలకి ఒక నవలలో వాడిన పేరది. దానిమీద విమర్శలు వచ్చాయి, రావాల్సినవే.

మనకి పనికొచ్చే ముక్క ఇక్కడుంది. రిహార్సల్‌లో సమ్నర్ గిటార్ యాంప్ (శబ్దాన్ని పెంచే పెట్టె) చెవులు పగిలేంత మోగేది. హుక్ స్పీకర్ నాసిరకంది. కింది స్వరాలు వాయిస్తే తనకే వినపడేవి కావు. పైకి, అంటే సన్న తీగల మీద చేయి జరిపి హెచ్చు స్వరాలు వాయిస్తే వినపడేవి. అలా మొదలైంది అతని పద్ధతి. అతను ఏదో వాయించుకుంటూ ఉంటే కర్టిస్ అందులోంచి "ఇది బావుంది" అని ఒక ముక్కని పట్టుకునేవాడు, దాని చుట్టూ పాట కట్టేవాళ్లు.

లెక్కలో చెప్పాలంటే, బేస్ సన్న తీగ ఊరికే మీటితే 98 హెర్ట్జ్. దాన్ని సరిగ్గా సగం పొడవు దగ్గర నొక్కి మీటితే రెట్టింపు, 196. అది మగ గొంతు తిరిగే ప్రాంతం. హుక్ బేస్‌ని మనం పాటలా వినగలగడానికి కారణం ఇదే. నోటితో కూనిరాగం తీయడానికి వీలైన ఎత్తులో ఉంటుంది.

మొదటి సాధన: డిజార్డర్

మొదటి ఆల్బమ్ 'అన్‌నోన్ ప్లెజర్స్'. 1979 జూన్‌లో ఫ్యాక్టరీ రికార్డ్స్ విడుదల చేసింది, పది పాటలు. నల్లటి అట్ట మీద తెల్లటి అలల గీతలు, మీరు ఎవరి టీషర్టు మీదో చూసే ఉంటారు. సీపీ 1919 అనే పల్సార్ (గిర్రున తిరిగే ఒక రకం నక్షత్రం) నుంచి వచ్చిన రేడియో తరంగాల బొమ్మ అది. ఖగోళశాస్త్ర విజ్ఞాన సర్వస్వంలో ఉన్న చిత్రాన్ని డిజైనర్ పీటర్ సావిల్ నలుపు తెలుపులు తారుమారు చేసి అట్టకి వాడాడు. ముందు వైపు బ్యాండ్ పేరు కూడా లేదు. టీషర్టు వేసుకున్నవాళ్లలో పాటలు విన్నవాళ్లెందరో అడక్కండి.

ఆల్బమ్‌లో మొదటి పాట 'డిజార్డర్'. ముందు డ్రమ్స్ ఒక్కటే వస్తుంది. కాసేపటికి బేస్ దాని మీదికి ఎక్కుతుంది. ఆ తర్వాతే గిటార్. మన పాఠం కోసమే విడదీసి పెట్టినట్టు ఉంటుంది. చేయాల్సింది ఇది. గిటార్ రాగానే పాట ఆపేయండి. అప్పటివరకు విన్న బేస్ ట్యూన్‌ని నోరు మూసుకుని ముక్కుతో కూనిరాగం తీయండి. రాకపోతే మళ్లీ మొదటికి. వచ్చిందనుకున్నాక ఈసారి ఆపకుండా పోనివ్వండి. గిటార్ వచ్చాక, కర్టిస్ గొంతు వచ్చాక కూడా మీ కూనిరాగం బేస్‌ని వదలకూడదు.

గొంతు మొదలవగానే దాదాపు అందరికీ బేస్ జారిపోతుంది. చెవి మాట వైపు పరుగెత్తుతుంది. ఇంగ్లిష్ అర్థమైనా కాకపోయినా ఇదే తంతు. దానికి ఒక చిట్కా: కర్టిస్ ఏమంటున్నాడో పట్టించుకోకుండా, అతను ఊపిరి తీసుకునే ఖాళీల కోసం చూడండి. ఆ ఖాళీల్లో బేస్ మళ్లీ పైకి తేలుతుంది. అక్కడ పట్టుకుని ముందుకి సాగండి.

రెండో సాధన: షీజ్ లాస్ట్ కంట్రోల్

ఇందులో డ్రమ్స్ యంత్రంలా, బుసకొట్టే చప్పుడుతో మొదలవుతుంది. దాని మీద హుక్ బాగా పైస్థాయిలో ఒక చిన్న ముక్కని తిప్పి తిప్పి వాయిస్తాడు. మొదటిసారి వినేవాళ్లు దీన్ని గిటార్ అనుకుంటారు. అసలు గిటార్ వచ్చినప్పుడు గరుకుగా, కిందుగా వస్తుంది. అంటే మామూలుగా ఉండాల్సిన చోట్లు అటూ ఇటూ అయ్యాయి. ఏది ఏదో చెప్పగలిగితే ఈ పాఠంలో సగం గెలిచినట్టే.

కర్టిస్ మాకిల్స్‌ఫీల్డ్‌లో ఉపాధి కార్యాలయంలో, అంగవైకల్యం ఉన్నవాళ్లకి పని చూసిపెట్టే ఉద్యోగం చేసేవాడు. అక్కడికి వచ్చే ఒకమ్మాయికి ఫిట్స్ ఉండేవి. కొన్నాళ్లకి ఆమె చనిపోయిందని తెలిసింది. ఈ పాట ఆమె గురించే. 1979 జనవరిలో కర్టిస్‌కే ఫిట్స్ ఉన్నట్టు డాక్టర్లు తేల్చారు.

చుట్టూ ఉన్న ఖాళీ ఎవరిది?

బేస్ ఇంత స్పష్టంగా వినపడటంలో హుక్ గొప్ప ఎంతో, నిర్మాత మార్టిన్ హానెట్ గొప్ప అంత ఉంది. ఈ ఆల్బమ్‌ని స్టాక్‌పోర్ట్‌లోని స్ట్రాబెరీ స్టూడియోలో 1979 ఏప్రిల్‌లో రికార్డు చేశారు. హానెట్‌కి శబ్దాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడం నచ్చదు. స్నేర్ మైకులో తాళాల (సింబల్స్) చప్పుడు పడకూడదు. అందుకని మోరిస్ చేత డ్రమ్స్‌ని విడివిడిగా, ఒక్కొక్కదాన్నీ వేరుగా వాయించి రికార్డు చేయించేవాడు. డ్రమ్మర్‌కి అంతకంటే నరకం ఉండదు. కానీ అలా విడిగా దొరికిన స్నేర్‌ని ఏఎంఎస్ కంపెనీ డిజిటల్ డిలే అనే, శబ్దాన్ని కాస్త ఆలస్యంగా మళ్లీ వినిపించే కొత్త పెట్టెలోంచి పంపి, దాని చుట్టూ లేని గదిని పుట్టించాడు. ప్రతి వాద్యం చుట్టూ ఖాళీ జాగా ఉంటుంది. ఆ జాగాలోనే బేస్ నడుస్తుంది.

'ఇన్‌సైట్' మొదట్లో లిఫ్టు చప్పుడు, చివరి పాట 'ఐ రిమెంబర్ నథింగ్'లో గాజు పగిలే చప్పుడు కూడా అతని పనులే. ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నారు కాబట్టి అవీ వినండి, సరదాగా ఉంటుంది.

సమ్నర్‌కీ హుక్‌కీ ఈ రికార్డింగ్ అప్పట్లో నచ్చలేదు. స్టేజీ మీద తాము వాయించే హోరంతా చల్లారిపోయిందని వాళ్ల బాధ. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. 1981లో వచ్చిన 'స్టిల్' అనే సంకలనంలో బ్యాండ్ చివరి కచేరీ ఉంది, 1980 మే 2న బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో చేసింది. అందులోని 'న్యూ డాన్ ఫేడ్స్'ని, మొదటి ఆల్బమ్‌లోని అదే పాటని వెంటవెంటనే వినండి. పాట పొడుగునా బేస్ మెట్లు దిగినట్టు కిందికి దిగుతూ, మళ్లీ మొదటికి వస్తూ ఉంటుంది. గొంతు మాత్రం పోనుపోను పైకి లేస్తుంది. స్టూడియోలో ఈ రెండిటి మధ్య దూరం కొలిచినట్టు తెలుస్తుంది. కచేరీలో గిటార్ ఆ దూరాన్ని నింపేస్తుంది. నా ఓటు హానెట్‌కే, కానీ కచేరీలో బేస్‌ని పట్టుకోగలిగినవాళ్లకి మార్కులు ఎక్కువ.

రెండో ఆల్బమ్: ఇక్కడ తొందర వద్దు

'క్లోజర్' 1980 మార్చిలో లండన్‌లోని బ్రిటానియా రో స్టూడియోలో రికార్డయింది. మే 18న, అమెరికా పర్యటనకి బయల్దేరాల్సిన ముందురోజు, కర్టిస్ ఆత్మహత్య చేసుకున్నాడు. 23 ఏళ్లు. ఆల్బమ్ జులైలో వచ్చింది. అట్ట మీద జెనోవాలోని ఒక సమాధి శిల్పం ఫోటో. కర్టిస్ పోకముందే దాన్ని ఎంచుకున్నారు.

ఈ కథ తెలిశాక 'క్లోజర్'ని మామూలుగా వినడం కష్టం. ప్రతి వాక్యం ఒక మరణ వాంగ్మూలంలా వినిపిస్తుంది, రాసినవాళ్లు కూడా చాలామంది అలాగే రాశారు. నాకది సరైన వినికిడి అనిపించదు. స్టూడియోలో ఉన్నది పాతికేళ్లు కూడా నిండని నలుగురు. పని చేస్తున్నారు, కొత్తవి ప్రయత్నిస్తున్నారు. ఈ పాఠానికి సంబంధించినంతవరకు వాళ్ల చేతులనే విందాం.

మొదటి పాట 'అట్రాసిటీ ఎగ్జిబిషన్'లో ఒక తమాషా ఉంది. సమ్నర్, హుక్ వాద్యాలు మార్చుకున్నారు. గీరుతున్నట్టున్న ఆ గిటార్ హుక్‌ది, బేస్ సమ్నర్‌ది. ఇప్పటిదాకా విన్న హుక్ పద్ధతి ఇందులో బేస్‌లో ఎందుకు లేదో మీ చెవికే తెలియాలి. 'ఐసొలేషన్'లో సింథసైజర్ (కరెంటుతో శబ్దాలు పుట్టించే కీబోర్డ్) ముందుకి వచ్చింది, అయినా బేస్ గట్టిగానే ఉంది. 'హార్ట్ అండ్ సోల్'లో బేస్ కిందిస్థాయిలో ఒకే ముక్కని వదలకుండా తిప్పుతుంది. 'ట్వెంటీ ఫోర్ అవర్స్'లో నెమ్మది భాగం, ఉరుకు భాగం మారుతూ ఉంటాయి. మారే క్షణానికి ముందే బేస్‌లో సూచన వినపడుతుందేమో చూడండి. 'డికేడ్స్'కి వచ్చేసరికి సింథసైజర్ పరుచుకుని ఉంటుంది, బేస్‌ని వెతుక్కోవాలి. కొత్తవాళ్లు దాన్ని చివరికి వదిలేయండి.

వీళ్ల పాటల్లో అందరికీ తెలిసినది ఆల్బమ్‌లలో లేదు. 'లవ్ విల్ టేర్ అస్ అపార్ట్' విడి సింగిల్‌గా 1980 జూన్‌లో వచ్చి బ్రిటన్ సింగిల్స్ అమ్మకాల పట్టికలో 13వ స్థానం దాకా వెళ్లింది. అందులో ట్యూన్‌ని బేస్, సింథసైజర్ రెండూ మోస్తాయి. సింథ్‌ని చెవి ముందు పట్టేస్తుంది, మోసపోకండి. దాని కింద అదే దారిలో నడుస్తున్నది హుక్.

ఇంటిపని

కర్టిస్ పోయాక మిగతా ముగ్గురూ న్యూ ఆర్డర్ పేరుతో కొనసాగారు, కీబోర్డ్‌కి జిలియన్ గిల్బర్ట్ చేరింది. జాయ్ డివిజన్ చివర్లో కట్టిన 'సెరిమొనీ' పాటని 1981లో న్యూ ఆర్డర్ మొదటి సింగిల్‌గా సమ్నర్ గొంతుతో విడుదల చేశారు. అదే పాట బర్మింగ్‌హామ్ కచేరీలో కర్టిస్ గొంతుతో ఉంది, మొదట్లో గొంతు సరిగా వినపడదు కూడా.

రెండూ వినండి. గొంతుని పక్కన పెట్టి, బేస్‌లో ఏ ముక్క అలాగే ఉంది, ఏది మారింది, రెండు వాక్యాల్లో కాగితం మీద రాసుకోండి. "ఒకేలా ఉంది" అని రాస్తే చెల్లదు, ఎక్కడ ఒకేలా ఉందో రాయాలి. కూనిరాగం తీసి ఫోన్‌లో రికార్డు చేసుకుంటే ఇంకా మంచిది.

వచ్చే పాఠంలో ఇదే న్యూ ఆర్డర్ 1983లో చేసిన 'బ్లూ మండే' తీసుకుంటాం. అందులో డ్రమ్స్‌ని యంత్రం వాయిస్తుంది, అడుగున ఇంకో బేస్‌ని కూడా యంత్రమే వాయిస్తుంది. వాటి మధ్య హుక్ ఎక్కడ దూరతాడో వెతకాలి. దానికి వచ్చేలోపు 'డిజార్డర్' బేస్ మీ నోటికి వచ్చి ఉండాలి.