పెళ్లి ఆల్బమ్ కంటే బ్యాంకు స్టేట్‌మెంటు మేలు

అమెరికాలో పెళ్లయి రెండేళ్లు నిండకముందే జీవిత భాగస్వామి ద్వారా గ్రీన్‌కార్డు వస్తే, అది 2 ఏళ్లకే చెల్లుతుంది. గడువు ముగిసే ముందు 90 రోజుల్లో మామూలుగా ఇద్దరూ కలిసి ఐ-751 దరఖాస్తు (గ్రీన్‌కార్డు మీది షరతు తొలగించమని కోరేది) పెట్టాలి. అప్పుడు పెళ్లి నిజమైనదేనన్న రుజువుల కోసం ఇల్లంతా గాలించే బదులు, కార్డు వచ్చిన నెల నుంచే ఒక ఫోల్డరు పెట్టుకోండి.

చాలామందికి పెళ్లి ఆల్బమ్ మీదే భరోసా. వేడుక ఒక్క రోజుది. అధికారి చూసేది ఆ తర్వాతి కాపురాన్ని. ఇద్దరి పేర్లున్న అద్దె ఒప్పందం, కలిసి దాఖలు చేసిన పన్ను రిటర్నులు, బీమాలో నామినీగా భాగస్వామి పేరు, వీటికి బరువెక్కువ. జాయింట్ ఖాతా తెరిచి వదిలేస్తే ఒరిగేదేమీ లేదు. అందులో జీతం పడాలి, అద్దె కట్టాలి, సరుకుల ఖర్చు కనబడాలి. కరెంటు బిల్లు ఒక్కరి పేరు మీదే ఉందా? కంగారు పడకండి, రెండోవారి పేరుతో అదే చిరునామాకు, అదే నెలలో వచ్చిన బిల్లు ఏదైనా జత చేయండి.

ఫొటోలు కొన్ని చాలు. తేదీ, చోటు, పక్కనున్నవారి పేర్లు రాయండి. తెలుగు పత్రాలకు ఇంగ్లీషు అనువాదం, అనువాదకుడి ధ్రువీకరణ తప్పనిసరి.