ఉద్దెరకు కొన్నా రశీదు మీ హక్కే: విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు కొనే చిన్న రైతులకు

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో రెండు మూడెకరాల రైతు వానాకాలం పంటకు కావలసిన విత్తనాలు, ఎరువులు, పురుగుమందులను చాలావరకు ఉద్దెరకే తెచ్చుకుంటాడు. వీటి అమ్మకాన్ని కట్టడి చేయడానికి 1966 నాటి విత్తన చట్టం, 1983 నాటి విత్తనాల నియంత్రణ ఉత్తర్వు, 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం ఉన్నాయి. అయితే వీటి రక్షణ పొందాలంటే కొన్నట్టు రుజువు చేతిలో ఉండాలి. తెల్ల కాగితం మీద మొత్తం మాత్రమే రాసిచ్చిన లెక్క, పంట పోయాక అధికారి ముందు నిలబడటం కష్టం. అందుకే అన్నిటికన్నా ముందు రశీదు గురించి చెప్పాలి.

నగదు ఇచ్చినా, ఉద్దెర పెట్టినా విత్తనాలకూ ఎరువులకూ రశీదు ఇవ్వాలని ఆ రెండు నియంత్రణ ఉత్తర్వులూ చెబుతున్నాయి. «డబ్బు కట్టినప్పుడు బిల్లు ఇస్తాం» అనే మాటకు నిబంధనల్లో చోటు లేదు. రశీదు మీద దుకాణం పేరు, లైసెన్సు నంబరు, తేదీ, కంపెనీ, రకం, లాట్ లేదా బ్యాచ్ నంబరు, ధర ఉండేలా చూసుకోవాలి. కౌలు రైతులు మరో జాగ్రత్త తీసుకోవాలి. పొలం పట్టాదారుదే అయినా రశీదు మాత్రం పంట వేస్తున్న తమ పేరు మీదనే రాయించుకోవాలి, ఎందుకంటే రేపు ఫిర్యాదు చేయవలసింది కొన్నవారే.

పత్తి ప్యాకెట్ కొనేటప్పుడు కౌంటర్ దగ్గరే దాన్ని తిప్పి చదవాలి. లాట్ నంబరు, పరీక్ష చేసిన తేదీ, ఏ తేదీ వరకు పనికొస్తుంది, కనీస మొలకశాతం ఎంత, గరిష్ఠ ధర ఎంత అన్నవి ముద్రించి ఉంటాయి. ఆ వివరాల మీద మరో స్టిక్కర్ అతికించి ఉన్నా, తేదీ చెరిపినట్టు కనిపించినా ఆ ప్యాకెట్ తీసుకోకూడదు. బీటీ పత్తి గరిష్ఠ ధరను కేంద్రం ప్రకటిస్తుంది కాబట్టి, ఫలానా రకానికి గిరాకీ ఉందని అంతకు మించి అడగడం నేరమే. వరి, కంది, వేరుశనగ వంటి వాటిలో ధ్రువీకరణ విత్తనానికి నీలం రంగు ట్యాగ్ ఉంటుంది. మొలకశాతం వరికి కనీసం 80, కందికి 75, వేరుశనగకు 70 ఉండాలి. ట్యాగ్ చూసినంత మాత్రాన సరిపోదు. వంద గింజలను తడి గోనెసంచిలో చుట్టి, ఆరకుండా నీళ్లు చల్లుతూ వారం రోజులు ఉంచి, ఎన్ని మొలిచాయో లెక్కపెట్టిన తర్వాతే విత్తడం మంచిది.

ఊళ్లకు వచ్చి సంచుల్లో లూజుగా అమ్మే గడ్డిమందు తట్టుకునే పత్తి విత్తనాల గురించి నిక్కచ్చిగా చెప్పవలసి ఉంది. వాటికి దేశంలో అనుమతి లేదు. వాటికి రశీదు ఉండదు, లాట్ నంబరు ఉండదు, అమ్మినవాడు మళ్లీ కనిపించడు. కలుపు కూలీల ఖర్చు భరించలేక రైతు వాటివైపు చూస్తున్నాడన్న సంగతి నాకు తెలుసు, ఆ కష్టం నిజమైనదే. కానీ అవి మొలవకపోయినా, పూత రాకపోయినా అడగడానికి అతనికి ఒక్క దారీ మిగలదు.

యూరియా బస్తా 45 కిలోలు, దాని గరిష్ఠ ధర 266 రూపాయల 50 పైసలు. దుకాణంలో అమ్మకాన్ని నమోదు చేసే ఈపాస్ యంత్రం మీద వేలిముద్ర వేశాక వచ్చే చీటీని అక్కడే అడిగి తీసుకుని, అందులోని బస్తాల సంఖ్యను తెచ్చుకున్న వాటితో సరిచూసుకోవాలి. యూరియా కావాలంటే జింకు ప్యాకెట్టో మరో డబ్బానో కొనాల్సిందేనని లింకు పెట్టడం నిబంధనలకు విరుద్ధం. ఎరువు కోసం తెల్లవారకముందే వరుసలో నిలబడ్డ రైతు ఆ సమయంలో ఎదురు మాట్లాడలేడు, అది అతని తప్పు కాదు. కనీసం ఆ రెండో వస్తువును కూడా రశీదులో రాయించుకుంటే, దాన్నే ఆధారంగా చూపి మండల వ్యవసాయ అధికారికి తర్వాత ఫిర్యాదు చేయవచ్చు.

పురుగుమందు డబ్బాతో పాటు తెలుగులో కరపత్రం ఇవ్వాలి. అందులో మీ పంట పేరు లేకపోతే ఆ మందు దానికి సిఫారసు చేయలేదని అర్థం.

విత్తనం మొలవకపోతే మొక్కలు ఎండిపోయే వరకు ఆగకూడదు. రశీదు నకలు, ఖాళీ ప్యాకెట్, పొలం ఫోటోలు జతచేసి మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. శాస్త్రవేత్తలతో పొలం చూపించి నివేదిక ఇప్పించమని అందులోనే కోరాలి. ప్యాకెట్‌ను పూర్తిగా చింపకుండా పైఅంచున కత్తిరించి, కొన్ని గింజలను అందులోనే దాచుకుంటే ఆ నివేదికకు బలం చేకూరుతుంది.

విత్తన చట్టం కింద మొదటి తప్పుకు విధించే జరిమానా 500 రూపాయలకు మించదు, రైతుకు పరిహారం ఇప్పించే ఏర్పాటు ఆ చట్టంలో లేదు. ఇంత పెద్ద నష్టానికి అంత చిన్న శిక్ష ఉండటం అన్యాయమే. పరిహారం కావాలంటే వెళ్లవలసింది వినియోగదారుల కమిషన్‌కు. విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని, విత్తనమంతా చల్లేసిన రైతు నమూనా దాచలేదన్న కారణంతో అతని ఫిర్యాదును తోసిపుచ్చలేరని 2012లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కంపెనీ ఎక్కడ ఉన్నా, రైతు తాను నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. కొన్న వస్తువు విలువ 5 లక్షల లోపు అయితే ఫీజు ఉండదు, వకీలును పెట్టుకోవాలన్న నియమం కూడా లేదు. గడువు రెండేళ్లు. అధికారుల నివేదిక నకలును ఆలోపే తీసుకుని ఫిర్యాదుకు జతచేయాలి.