పికప్ ట్రక్కు తొట్టిలో పడక ఏర్పాటు చేసుకోవడం ఎలా?

అమెరికాలో వేసవి సెలవులకు యెల్లోస్టోన్, జయాన్, గ్రాండ్ క్యాన్యన్ లాంటి నేషనల్ పార్కులు చూడబోయే మన కుటుంబాలకు ప్రయాణం కన్నా బస ఎక్కువ ఖర్చవుతుంది, పార్కుల లోపలి లాడ్జీలైతే చాలా ముందుగానే నిండిపోతాయి. ఇంట్లో పికప్ ట్రక్కు ఉన్నవారు దాని వెనక తొట్టినే పడకగా మార్చుకుంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. దీనికి గొప్ప వడ్రంగం రానక్కర్లేదు గాని, కొలతలు తీసుకునేటప్పుడు ఓపిక కావాలి. ఇక్కడ చెప్పేదంతా ఆరున్నర అడుగుల తొట్టి ఉన్న ఫోర్డ్ ఎఫ్-150లో ఇద్దరు పెద్దవాళ్లు పడుకునే ఏర్పాటు. మరో బండి ఉన్నవారు పద్ధతి ఇదే ఉంచి, అంకెలు తమ టేపుతో సరిచూసుకోవాలి.

మొదట పొడవు చూడండి. ఎఫ్-150 తొట్టి ఐదున్నర, ఆరున్నర, ఎనిమిది అడుగుల పొడవుల్లో వస్తుంది. ఐదున్నర అడుగులదానిలో లోపలి పొడవు 67 అంగుళాలే కాబట్టి 5 అడుగుల 7 అంగుళాల మనిషి తల ఒక గోడకు, పాదాలు ఇంకో గోడకు ఆనతాయి. అలాంటప్పుడు ఒక్కరే ఐమూలగా పడుకోవలసి వస్తుంది. ఆరున్నర అడుగులదానిలో దాదాపు 79 అంగుళాలు దొరుకుతాయి. రెండు పక్కలా చక్రాల మీద లోపలికి పొడుచుకొచ్చిన గూళ్ల మధ్య వెడల్పు 50 అంగుళాల పైచిలుకు ఉంటుంది గనుక 4 అడుగుల వెడల్పున్న ప్లైవుడ్ షీటు వాటి మధ్య చక్కగా దిగుతుంది.

తరవాత ఎత్తు. తొట్టి మీద పైకప్పులా బిగించే ఫైబర్‌గ్లాస్ మూత, అంటే టాపర్, క్యాబిన్ ఎత్తుకు సమంగా ఉండే రకమైతే, తొట్టి నేల నుంచి కప్పు దాకా మొత్తం 40 అంగుళాల ప్రాంతంలో ఉంటుంది. చాలామంది ఇందులో 14 అంగుళాల ఎత్తు సొరుగులు కట్టి, వాటి మీద మూడంగుళాల పరుపు వేస్తారు. ఇక మిగిలేది 23 అంగుళాలు. సొరుగులు చూడముచ్చటగా ఉంటాయి, కాని రాత్రి పక్కకు తిరిగినప్పుడల్లా భుజం కప్పుకు తగలబోతుంటే నిద్ర ఎలా పడుతుంది? అందుకే సొరుగులు మానేసి, పరుపు వేసే బల్లను చక్రాల గూళ్ల ఎత్తుకే ఆపమని నా గట్టి సలహా. గూళ్ల పైభాగం, బల్ల ఒకే మట్టానికి వస్తే పడక వెడల్పు కూడా రెండు పక్కలా పెరుగుతుంది.

బల్ల కట్టడానికి ముప్పావు అంగుళం మందం గల 4×8 అడుగుల ప్లైవుడ్ షీటు ఒక్కటి చాలు. దానిని 48 అంగుళాల వెడల్పు, 26 అంగుళాల పొడవు ఉండే మూడు పలకలుగా కోయించండి. హోమ్ డిపో, లోవ్స్ దుకాణాల్లో ఇలాంటి తిన్నని కోతలు అక్కడే కోసి ఇస్తారు. మూడూ కలిపి 78 అంగుళాలవుతాయి, మిగిలిన దాదాపు 18 అంగుళాల ముక్క చిన్న అరకు పనికొస్తుంది. షీటును ఒకే పలకగా ఉంచితే కింది సామాను తీయాలన్న ప్రతిసారీ పరుపంతా లేపాలి. మూడుగా ఉంటే కావలసిన పలకను మాత్రమే ఎత్తవచ్చు. ప్రతి పలకకూ అంగుళం వెడల్పు రంధ్రాలు వరసగా తొలచండి. అవి పలకను ఎత్తడానికి వేలు పట్టే చోటుగా పనికొస్తాయి, అంతకన్నా ముఖ్యంగా పరుపు అడుగున చేరే తేమ ఆరడానికి దారి ఇస్తాయి. రంధ్రాలు లేని చెక్క మీద ఫోమ్ పరుపు వరసగా కొన్ని రాత్రులు ఉంటే అడుగున బూజు పడుతుంది.

పలకల కింద ఎడమన, కుడిన, నడుమ మూడు 2×4 దూలాలు పొడవునా వేసి, ఒక్కొక్కదానికి మూడేసి చోట్ల పొట్టి కాళ్లు బిగించండి. 2×4 అని అమ్మే చెక్క నిజానికి ఒకటిన్నర అంగుళాల మందం, మూడున్నర అంగుళాల వెడల్పే ఉంటుంది కాబట్టి, గూడు ఎత్తులోంచి ప్లైవుడ్ మందాన్ని, దూలం వెడల్పును తీసివేయగా వచ్చేదే కాళ్ల ఎత్తు. పలకల అంచులు గరుకు కాగితంతో నునుపు చేసి వార్నిష్ వేశాక, వాసన పూర్తిగా పోయేదాకా అందులో పడుకోకండి.

బల్లను తొట్టికి బిగించడానికి నేలకు రంధ్రాలు వేయవద్దు. కింద ఇంధన ట్యాంకు, వైర్లు ఉంటాయి, ఉక్కు తొట్టి అయితే రంధ్రం పడిన చోట తుప్పు కూడా మొదలవుతుంది. కాళ్ల కింద రబ్బరు మ్యాటు పరచి, తొట్టి మూలల్లోని కొక్కేలకు రాచెట్ పట్టీలతో బల్లను బిగించి కట్టితే గట్టి బ్రేకు వేసినా కదలదు, ఊరికి రాగానే విప్పి పక్కన పెట్టవచ్చు. ట్రక్కు నడుస్తున్నప్పుడు మాత్రం అందులో ఎవరినీ, ముఖ్యంగా పిల్లలను, పడుకోనివ్వకండి.

బరువు లెక్క చాలామంది చూసుకోరు. డ్రైవరు తలుపు తెరిచిన చోట అంటించిన చీటీ మీద మనుషులు, సామాను కలిపి ఎంత బరువు మించకూడదో రాసి ఉంటుంది. అది 1,500 పౌండ్లు అనుకుంటే, ఇద్దరు మనుషులకు 320, టాపరుకు 200, బల్లకు, పరుపుకు 150, పది గ్యాలన్ల నీళ్లకు 83 పోగా సగం మిగులుతుంది. చీటీ 1,000 పౌండ్లు చూపే చిన్న ట్రక్కులో ఫ్రిజ్, బ్యాటరీ, బట్టలు చేరేసరికి ఇదే లెక్క అంచుకు వస్తుంది.

గాలి విషయంలో ఏమాత్రం ఉపేక్ష పనికిరాదు. ఇద్దరు మూసిన పెట్టెలాంటి చోట పడుకుంటే వారి ఊపిరిలోని తేమ తెల్లవారేసరికి టాపర్ లోపలి వైపు నీటి చుక్కలై దుప్పటి మీద పడుతుంది. చలికాలంలో కూడా ఎదురెదురుగా రెండు కిటికీలు అంగుళం మేర తెరిచి, దోమతెర అమర్చుకోండి. లోపల గ్యాస్ పొయ్యి గాని హీటరు గాని వెలిగించకండి, వెచ్చదనం కోసం ఇంజిను ఆన్‌లో పెట్టి నిద్రపోకండి. పొగగొట్టం తొట్టి వెనకే ఉంటుంది. కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, నిద్రలో ఉన్నవారికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. దాన్ని పసిగట్టే, బ్యాటరీతో పనిచేసే అలారం ఒకటి తలవైపు పెట్టుకోవడం తప్పనిసరి. అలాగే చాలా టాపర్ల వెనక తలుపు బయటి నుంచే తెరుచుకుంటుంది. కొనేటప్పుడే లోపలి నుంచి తెరిచే గడియ ఉందో లేదో చూసి, లేకపోతే పెట్టించుకోండి.

కరెంటుకు 500 వాట్-అవర్ల పవర్ స్టేషన్ (వెంట తీసుకెళ్లే పెద్ద బ్యాటరీ పెట్టె) ఉంటే చిన్న 12 వోల్టుల ఫ్రిజ్, ఫోన్లు, దీపం దాదాపు ఒక రోజు నడుస్తాయి.

చివరిగా, ఎక్కడ ఆపాలన్నది. రహదారి పక్క రెస్ట్ ఏరియాల్లో టెక్సాస్ 24 గంటల దాకా ఉండనిస్తుంది, కాలిఫోర్నియాలో 8 గంటలే. పశ్చిమ రాష్ట్రాల్లో బీఎల్‌ఎం అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ చూసుకునే భూముల్లో చాలాచోట్ల అద్దె లేకుండా 14 రోజుల వరకు ఉండవచ్చు. నేషనల్ పార్కుల్లో మాత్రం బండిలో పడుకున్నా సరే, కేటాయించిన క్యాంప్‌గ్రౌండులోనే పడుకోవాలి. యోసెమిటీలో రాత్రిపూట తిండి బండిలో ఉంచడం నిషిద్ధం. ఎలుగుబంట్లు వాసన పట్టి అద్దాలు పగలగొడతాయి. ఆవకాయ సీసా, పచ్చళ్ల డబ్బాలే కాదు, సబ్బు, టూత్‌పేస్టు కూడా చీకటి పడకముందే అక్కడి ఇనప లాకరులో పెట్టి గడియ వేయండి.